టొయోటా జీఆర్86: వెనక చక్రాల కారుతో మొదటిసారి ఆటోక్రాస్‌కి వెళ్లేవాళ్లకి

క్యామ్రీ, సివిక్, కరోలా నడిపి చెయ్యి తిరిగినవాళ్లు మొదటి రియర్ వీల్ డ్రైవ్ కారు (ఇంజన్ బలం వెనక చక్రాలకి వెళ్లేది) కొని ఆటోక్రాస్‌కి వెళ్దామనుకుంటే, అమెరికాలో కొత్తగా దొరికే కార్లలో జీఆర్86 బేస్ మోడల్‌నే తీసుకోమంటాను. తొలిరోజు నలుగురి ముందూ కారు గిర్రున తిరిగి, కోన్ల మధ్య ఇంజన్ ఆగిపోయి నిలబడే అవకాశం దీంట్లో కూడా బాగానే ఉంది. అలా ఎందుకు జరుగుతుందో తెలిసి వెళ్తే రెండో రౌండ్‌కే సర్దుకోవచ్చు. తెలియకపోతే "వెనక చక్రాల కారు అంటే ఇంతే" అనుకుని అమ్మేసేవాళ్లూ ఉన్నారు. ఈ రివ్యూ ముఖ్యంగా వాళ్లు ఆ పని చెయ్యకుండా ఆపడానికే.

ఆటోక్రాస్ అంటే పెద్ద పార్కింగ్ లాట్‌లోనో పాత రన్‌వే మీదో నారింజ రంగు కోన్లతో గీసిన కోర్సు. ఒక్కో కారు ఒంటరిగా గడియారంతో పోటీపడుతుంది. రౌండ్ దాదాపు నిమిషం. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) పద్ధతిలో కోన్ పడగొడితే 2 సెకన్లు కలుపుతారు, గేటు (కోన్ల జత మధ్య దారి) తప్పితే ఆ రౌండ్ లెక్కలోకి రాదు. హెల్మెట్ చాలాచోట్ల అక్కడే ఇస్తారు. వేగం హైవే వేగాన్ని మించదు, పక్కన గోడలూ చెట్లూ ఉండవు. వెనక చక్రాల కారు అదుపు తప్పడం నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన, క్షేమమైన చోటు లేదు.

కారు లెక్కలు ముందు చూద్దాం. 2.4 లీటర్ల ఫ్లాట్ ఫోర్ ఇంజన్, 228 హార్స్‌పవర్, 184 పౌండ్-ఫీట్ టార్క్. బేస్ మాన్యువల్ బరువు 2,800 పౌండ్ల చిల్లర. వెనక టార్సెన్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా బలాన్ని రెండిటికీ పంచేది) అమెరికాలో అన్ని ట్రిమ్‌లలోనూ ఉంది. 2022లో వచ్చినప్పుడు బేస్ ధర డెలివరీ ఛార్జీ కాకుండా 27,700 డాలర్లు, ఆ తర్వాత పెరుగుతూ వచ్చింది.

వీటిలో ఒక అంకె దగ్గర ఆగాలి. ఆ 184 పౌండ్-ఫీట్లు వచ్చేది 3,700 ఆర్‌పీఎమ్ దగ్గర. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో రెండో గేరు గంటకు 60 మైళ్ల దాకా లాగుతుంది కాబట్టి ఆటోక్రాస్ దాదాపు మొత్తం రెండో గేర్లోనే నడుస్తుంది. అదే గేర్లో 30 మైళ్ల దగ్గర ఇంజన్ సరిగ్గా 3,700 ప్రాంతంలో తిరుగుతుంటుంది. అంటే బిగుతు మలుపులోంచి బయటికి వస్తూ, స్టీరింగ్ ఇంకా తిరిగే ఉన్నప్పుడు, మీ కుడికాలి కింద కారుకున్న బలమంతా సిద్ధంగా ఉంది. దీనికి ముందు తరం, 2.0 లీటర్ల పాత 86లో సరిగ్గా ఈ చోటే టార్క్ కుంగేది. యాక్సిలరేటర్ ముందే తొక్కేసినా ఏమీ అయ్యేది కాదు. పాత 86 నడిపిన స్నేహితుల సలహా కొత్తదానికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇక పరువు పోయే ఘట్టం. ఎక్కువమంది కొత్తవాళ్ల విషయంలో అది జరిగేది యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాదు, వదిలినప్పుడు. శ్లాలమ్ (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ మెలికలు తిరిగే భాగం) చివరి కోన్ దాటేసరికి వేగం 45 మైళ్లు, రెండో గేర్లో సుమారు 5,500 ఆర్‌పీఎమ్. ఎదురుగా కుడి మలుపు అనుకున్నదానికంటే దగ్గరగా కనిపిస్తుంది. స్టీరింగ్ అప్పటికే తిప్పేశారు, భయపడి కాలు ఒక్కసారిగా తీసేశారు. ఆ క్షణంలో రెండు పనులు జరుగుతాయి. బరువు ముందుకు వాలి వెనక టైర్లు తేలికవుతాయి. అంత ఆర్‌పీఎమ్‌లో ఇంజన్ బ్రేకింగ్ అంతా ఆ తేలికైన టైర్ల మీదే పడుతుంది. వెనకభాగం పక్కకి జారిపోతుంది. సివిక్‌లోనూ కాలు తీస్తే వెనకభాగం కొంచెం కదులుతుంది గానీ, అక్కడ ఇంజన్ బ్రేకింగ్ పడేది ముందు చక్రాల మీద. పైగా కాస్త యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రాలే కారుని లాగి సరిచేస్తాయి. ఏళ్లతరబడి అలవాటైన ఆ ప్రతిచర్యే ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

కథ అక్కడితో అయిపోదు. జారడం మొదలవగానే ఎదురు స్టీరింగ్ తిప్పడం దాదాపు అందరికీ సహజంగానే వస్తుంది. ఆలస్యమయ్యేది దాన్ని తిరిగి సరిచేయడంలో. వెనక టైర్లు పట్టు దొరికించుకున్న క్షణంలో ముందు చక్రాలు ఇంకా ఎదురుదిక్కుకే తిరిగి ఉంటే కారు చెర్నాకోల కొసలాగా రెండోవైపుకి విసిరికొడుతుంది. గిర్రున తిరిగేది ఎక్కువగా ఈ రెండో విసురులోనే. అందుకే చేతులు తొమ్మిది, మూడు గంటల స్థానాల్లోనే ఉంచండి. జీఆర్86 స్టీరింగ్ నిష్పత్తి 13.5:1, చాలా చురుకు. మామూలు జారుడుకి పావు చుట్టు చాలు. చేతులు ఎత్తి మార్చుకోవాల్సినంత తిప్పారంటే ఎక్కువ తిప్పేశారు. వెనకభాగం జారడం ఆగిందని నడుముకి తెలియగానే, కళ్లు చెప్పేదాకా ఆగకుండా, స్టీరింగ్ తిన్నగా చేసెయ్యాలి.

నడుముకి అని ఊరికే అనలేదు. ఈ కారు గొప్పతనం అక్కడే ఉంది. ఇంజన్ కిందకి ఉంది, సీటు నేలకి దగ్గరగా ఉంది, బరువు ముందూ వెనకా 53:47గా పంచుకుంది. జారడానికి ముందే సీటు కింద చిన్న కదలిక తెలుస్తుంది. మజ్దా ఎమ్‌ఎక్స్-5 ఇంకా తేలిక, ఇంకా సరదా, కానీ దాని వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 90.9 అంగుళాలు, దీనిది 101.4. పొట్టి కారు జారితే తేరుకునే వ్యవధి తక్కువ. పైగా ఎమ్‌ఎక్స్-5 స్పోర్ట్ ట్రిమ్‌లో లిమిటెడ్ స్లిప్ లేదు, మలుపు లోపలివైపు చక్రం ఊరికే తిరిగి బలం వృథా అవుతుంది.

వెనకభాగం ఎంతకీ తిరిగిరాదని తేలిపోతే క్లచ్, బ్రేక్ రెండూ అదిమిపెట్టండి. క్లచ్ మరిస్తే ఇంజన్ ఆగిపోతుంది, అప్పుడు మళ్లీ స్టార్ట్ చేసేదాకా వెనక కార్లన్నీ ఆగాల్సిందే. ఎర్రజెండా ఊపుతున్నారేమో చూసుకుని, లేకపోతే నెమ్మదిగా కోర్సు పూర్తి చేయండి. కారు తిరిగినంత మాత్రాన రౌండ్ రద్దు కాదు.

బటన్ల సంగతి. జీఆర్86లో రెండున్నాయి. వీఎస్‌సీ ఆఫ్ బటన్ కొద్దిగా నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు ఊరికే తిరగకుండా ఆపేది) మాత్రమే పోతుంది, మూడు సెకన్లకి పైగా పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ (కారు పక్కకి జారకుండా ఆపేది, వీఎస్‌సీ అంటే ఇదే) కూడా పూర్తిగా పోతుంది. ట్రాక్ అని రాసి ఉన్న రెండో బటన్ అలాగే పట్టుకుంటే స్టెబిలిటీ బతికే ఉంటుంది గానీ ఆలస్యంగా కలగజేసుకుంటుంది. కొత్తవాళ్లకి కావలసింది ఈ రెండోదే. పక్కవాళ్లు "అన్నీ ఆపేసి నడపాలి బాస్" అంటారు, వినకండి. మామూలు మోడ్‌లో వదిలేసినా ఇబ్బందే: మలుపు మధ్యలో బ్రేకులు వాటంతటవే పడి, తప్పు ఎక్కడ చేశారో తెలియకుండా పోతుంది. ఇంకొకటి, వరుసలో నిలబడ్డప్పుడు ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అన్నీ మొదటికొస్తాయి. ప్రతి రౌండ్ ముందూ డాష్‌లో ట్రాక్ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.

టైర్ల విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. ప్రీమియం ట్రిమ్‌లో 18 అంగుళాల చక్రాలూ, వాటికి మిషెలాన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లూ వస్తాయి. బేస్‌లో 17 అంగుళాలు, మిషెలాన్ ప్రైమసీ, సైజు 215/45. ప్రైమసీకి పట్టు తక్కువ, టైమ్ ఎక్కువ తీసుకుంటుంది. అయినా నేర్చుకోవడానికి అదే మేలు. తక్కువ వేగంలోనే, మెల్లగా, చెప్పి జారుతుంది. పట్టు ఎక్కువున్న టైరు చాలాసేపు ఓర్చుకుని ఎక్కువ వేగంలో ఒక్కసారిగా వదిలేస్తుంది. మొదటి సీజన్ అయ్యేదాకా 200 ట్రెడ్‌వేర్ టైర్ల (త్వరగా అరిగే, పట్టు బాగా ఎక్కువున్న టైర్ల) జోలికి పోకండి.

వెళ్లేముందు ఇంట్లో చెయ్యాల్సినవి కొన్ని. వీల్ నట్లు 89 పౌండ్-ఫీట్లకి టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఫ్లోర్ మ్యాట్లు, నీళ్ల సీసాలు, డిక్కీలో సామాను అన్నీ తీసెయ్యాలి. ఒక సీసా బ్రేక్ పెడల్ కిందకి దొర్లితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. టైర్లలో గాలి, డోర్ దగ్గరి స్టిక్కర్ మీదున్న అంకెతో మొదలుపెట్టి, టైరు అంచున సుద్దతో గీత గీసి, రౌండ్ తర్వాత అది ఎంతవరకు చెరిగిందో చూడండి. పక్కగోడ మీదికి వచ్చేసిందంటే గాలి తక్కువైనట్టు, రెండేసి పీఎస్ఐ పెంచండి. సీటు మామూలుకంటే దగ్గరికి జరుపుకోండి, భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. షూ అడుగు పల్చగా ఉండాలి.

స్టార్ట్ దగ్గర కంగారు వద్దు. గడియారం మొదలయ్యేది జెండా ఊపినప్పుడు కాదు, మీరు కొంచెం ముందున్న టైమింగ్ లైట్ దాటినప్పుడు. 3,000 దగ్గర పట్టుకుని క్లచ్ మెల్లగా వదిలితే చాలు. కారు తిన్నగా పోతున్నప్పుడే రెండో గేరు వేసెయ్యండి, ఇక దాన్ని ముట్టుకోకండి. చల్లగా ఉన్నప్పుడు ఈ గేర్‌బాక్స్ రెండో గేరుకి కొంచెం మొరాయిస్తుంది, కాబట్టి లాట్‌కి చేరేలోపే వేడెక్కనివ్వాలి. బ్రేకు, గేరు, స్టీరింగ్ ఒకేసారి కలపడం మొదటి రోజు పని కాదు: బ్రేకంతా కారు తిన్నగా పోతున్నప్పుడే, ఆ తర్వాత స్టీరింగ్, స్టీరింగ్ విప్పుకున్న కొద్దీ యాక్సిలరేటర్. మలుపులోకి వేగంగా వచ్చేశామనిపించినా కాలు పూర్తిగా తీయకుండా కొంచెం పట్టి ఉంచండి. కారు వెడల్పుగా పోయి ఒక కోన్ పడుతుంది, 2 సెకన్లు పోతాయి. గిర్రున తిరిగితే అంతకంటే చాలా పోతాయి.

లోపాలూ ఉన్నాయి. వెనక సీటు పిల్లలకి కూడా ఇరుకే. కుటుంబానికి ఇదొక్కటే కారు అయ్యేట్టయితే వద్దు. సీటు మడిస్తే మాత్రం నాలుగు విడి టైర్లు పట్టేంత చోటు వస్తుంది. లోపల వినిపించే ఇంజన్ మోతలో కొంత స్పీకర్ల నుంచి వచ్చేదే. హైవే మీద టైర్ల రొద ఎక్కువ. 91 లేదా అంతకంటే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయాలి. కొత్త కారు కొన్నవాళ్లకి టొయోటా ఒక ఏడాది నాసా సభ్యత్వం, ఒక ట్రాక్ డ్రైవింగ్ రోజు ఉచితంగా ఇస్తుంది. ఈ నాసా నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్, రాకెట్ల నాసా కాదు. ట్రాక్ రోజుల్లో గోడలుంటాయి, వేగం రెట్టింపు. ఆటోక్రాస్‌లో మూడు నాలుగు ఈవెంట్లు అయ్యాకే దాన్ని వాడుకోండి.

న్యూజెర్సీ, షికాగో వైపు ఉండేవాళ్లు ప్రీమియం కొంటే చలికాలం టైర్ల ఖర్చు కూడా ధరలో కలుపుకోవాలి. పైలట్ స్పోర్ట్ 4 వేసవి టైరు, సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వెళ్తే రబ్బరు గట్టిపడి మామూలు రోడ్డు మలుపులోనే వెనకభాగం జారుతుంది. డాలస్, హ్యూస్టన్ వాళ్లకి సాధారణంగా ఆ బెడద లేదు గానీ, జనవరి తెల్లవారుజామున ఈవెంట్‌కి బయల్దేరితే మొదటి కొన్ని మైళ్లు నెమ్మదిగా పోనివ్వండి.