అలాన్ షెపర్డా, జాన్ యంగా? నేవీ నుంచి చంద్రుడి దాకా

ఇద్దరూ అమెరికా నేవీ టెస్ట్ పైలట్లే, ఇద్దరూ చంద్రుడి మీద నడిచినోళ్లే, కానీ కెరీర్లు మాత్రం అస్సలు ఒకేలా ఉండవు. షెపర్డ్ 1961 మే 5న ఫ్రీడమ్ 7లో స్పేస్‌కి వెళ్లిన మొదటి అమెరికన్, కాకపోతే ఆ ఫ్లైట్ 15 నిమిషాలే, తర్వాత లోపలి చెవి జబ్బొచ్చి తల తిరుగుడుతో ఏళ్ల తరబడి స్పేస్ ఫ్లైట్లకి దూరమైపోయాడు. ఇంకొకరైతే వదిలేసేవాళ్లు, ఈయన ఆఫీసులో మిగతా ఆస్ట్రోనాట్ల పని చూసుకుంటూ, చెవికి ఆపరేషన్ చేయించుకుని మరీ 1971లో 47 ఏళ్ల వయసులో అపోలో 14 కమాండర్‌గా చంద్రుడి మీద దిగాడు. ఆ పట్టుదలకి దండం పెట్టాల్సిందే.

అయినా నా ఓటు యంగ్‌కే. 1962లో ఫాంటమ్ ఫైటర్‌తో అతి తక్కువ టైంలో పైకెక్కిన వరల్డ్ రికార్డులు కొట్టి అదే ఏడు నాసాలో చేరాడు, ఇక 2004 దాకా అక్కడే. స్పేస్‌కి వెళ్లింది నాసా జెమినై ప్రోగ్రామ్‌లో రెండుసార్లు, అపోలోలో రెండుసార్లు, స్పేస్ షటిల్‌లో రెండుసార్లు, మొత్తం ఆరు. అందులో 1981లో కొలంబియా అనే షటిల్ ఫ్లైట్ గురించి ఎంత చెప్పినా తక్కువే, మనుషుల్లేకుండా ఒక్కసారి కూడా స్పేస్‌కి పంపి చూడని బండి అది, దాన్ని మొదటిసారే తీసుకెళ్లి క్షేమంగా రన్‌వే మీద దించాడంటే మామూలు గుండె కాదు!

ర్యాంకులో మాత్రం షెపర్డే పైన, రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యాడు, యంగ్ నేవీ నుంచి కెప్టెన్‌గానే బయటికొచ్చాడు.