అద్దె గుడారం ముంచింది, గుప్పెడు శనగలు కాపాడాయి

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊరి దగ్గర, పాత కంకర గుంతల్లో నీళ్లు నిండి ఏర్పడిన ఒక చెరువుకి, కార్ప్ చేపలకి గాలం వేద్దామని మామయ్యని తీసుకెళ్లాను. కార్ప్ అంటే మన బంగారు తీగే. చెరువుకి మళ్లీ వెళ్తాను. వాళ్ల అద్దె గుడారంలో మాత్రం జన్మలో పడుకోను.

24 గంటల టికెట్ మనిషికి 25 పౌండ్లు, గుడారానికి 30, రెండు మడత మంచాలకి 16. రాత్రి ఒంటిగంటకి వాన మొదలైతే గానీ గుడారం కుట్లు విడిపోయి ఉన్నాయని తెలియలేదు. మామయ్య తలగడ, దుప్పటి అన్నీ తడిసిపోయాయి. కైకలూరు నుంచి వచ్చి వారం కూడా కాలేదు, 62 ఏళ్ల మనిషి తెల్లవార్లూ చలికి ముడుచుకుని కూర్చున్నాడు. పొద్దున్నే వెళ్లి అడిగితే "వాన పడితే మేమేం చేస్తాం" అన్నారు. ఒక్క పెన్నీ వెనక్కివ్వలేదు. మామయ్య ముందు తల కొట్టేసినట్టయింది. వెళ్లేవాళ్లు సొంత గుడారం తీసుకెళ్లండి, లేదా పగటి టికెట్‌తో సరిపెట్టుకోండి. గాలం వేయడానికి కావాల్సిన రాడ్ లైసెన్సు మాత్రం ఇద్దరికీ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

మొదటి రోజు ఒక్క చేపా పడలేదు. ఇక్కడ పట్టిన ప్రతిదాన్నీ వదిలేయాలి కాబట్టి అన్నీ గాలం రుచి చూసినవే. కొట్లో చెప్పారని 13 పౌండ్లు పెట్టి బాయిలీలు కొన్నాను. అవి గుడ్లు, చేపల పిండి కలిపి ఉడికించిన ఉండలు. అందరూ రోజూ చల్లేది అవే, చేపలు భయపడేదీ వాటికే.

మామయ్యకి నాలుగెకరాల చేపల చెరువుంది. ఆయన పొద్దున రాడ్ల వైపు చూడలేదు, నీళ్లే చూశాడు. "ఏరా, గాలి అటు తోస్తుంటే ఇక్కడ కూర్చున్నావేంటి? ఆ రెల్లు పక్కన బుడగలు చూడు." నిజమే, ఆవగింజలంత బుడగలు గుంపుగా లేస్తున్నాయి. అడుగున మేత వెతుకుతున్నాయన్నమాట.

అక్కడికి మారి, దారానికి కట్టిన 85 గ్రాముల సీసం గుండు తీసేసి 28 గ్రాములది కట్టాను. బరువైనది నీళ్లలో పడ్డ చప్పుడుకే ఇవి పారిపోతాయి. దారం బిగించకుండా అడుగుకి ఆనేలా వదులుగా వదిలాను. ఎర మన శనగలే. రాత్రంతా నానబెట్టి, మెత్తగా ఉడికించి ఇంటి నుంచి తెచ్చాం, చెరువు కాపలాదారుని అడిగాకే వాడాం. ఉడకనివి వేయకండి, చేప కడుపులో ఉబ్బుతాయి. లెనీ మిడిల్టన్, కెవిన్ మ్యాడక్స్ అనే ఇంగ్లండ్ గాలం వేటగాళ్లు తయారుచేసిన హెయిర్ రిగ్ అనే గాలం అమరిక ఇక్కడ బాగా పనికొచ్చింది. ఇందులో గింజని గాలానికి గుచ్చరు, గాలం కింద సన్నని పోగుకి గుచ్చుతారు. చేప గింజని పీల్చి ఉమ్మబోయేసరికి ఖాళీ గాలం పెదవికి తగులుకుంటుంది. చుట్టూ డజను గింజలు చల్లానంతే.

7:40కి, చేప దారం లాగితే మోగే అలారం మోగింది. పావుగంట లాగితే వలలోకి వచ్చింది, 19 పౌండ్లు, అంటే ఎనిమిదిన్నర కిలోల పైనే. చాప మీద పడుకోబెడితే పెదవి మీద రెండు పాత గాలం మచ్చలు కనిపించాయి.

"ఇంత చేపని వదిలేస్తావా?" అన్నాడు మామయ్య. తలూపాను. ఇంకేం అనకుండా చేతులు తడుపుకుని, దాన్ని తనే నీళ్లలోకి దించాడు. అది తోక ఆడించేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. తర్వాత గుడారం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.