షిటాకేకు రంపపు పొట్టు దిమ్మలు: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

అరకు దగ్గర షిటాకే పుట్టగొడుగులు పెంచుతున్నాను. మామిడి రంపపు పొట్టు, గోధుమ తవుడు, జిప్సం కలిపి సంచుల్లో నింపి చేసిన దిమ్మలనే కొన్నేళ్లుగా వాడుతున్నాను, పుట్టగొడుగులు వాటి మీదే పెరుగుతాయి. ఎండు బరువు లెక్కన పొట్టు 80 పాళ్లు, తవుడు 19, జిప్సం 1. అమ్మకానికి పెంచేవారు ఈ మిశ్రమాన్ని ధైర్యంగా నమ్ముకోవచ్చు. అయితే తవుడు ఎంత కలపాలో తేల్చాల్సింది పుస్తకం కాదు, దిమ్మల్లోని సూక్ష్మజీవులను చంపడానికి మీ దగ్గరున్న ఆవిరి ఏర్పాటు. మిగతాదంతా దీని తర్వాతే.

ముత్యపు చిప్ప పుట్టగొడుగుల నుంచి ఇటు వచ్చేవారికి ఇది మొదట్లో మింగుడుపడదు. అక్కడ వరిగడ్డిని వేడినీటిలో శుద్ధి చేసి విత్తనం వేస్తే, రెండు మూడు వారాల్లో పుట్టగొడుగు తంతువులు (వేళ్లలా పాకే తెల్లటి దారాలు) సంచంతా అల్లుకుంటాయి. షిటాకేలో అల్లిక పూర్తయి, దిమ్మ పైపొర గోధుమరంగుకు తిరగడానికి రెండు మూడు నెలలు కావాలి. అన్నాళ్లూ తవుడు కలిసిన తడి పొట్టు సంచిలోనే ఉంటుంది. ఉడికించాక ఏ మూలనైనా సూక్ష్మజీవులు మిగిలితే ఆ తవుడు ముందుగా వాటికే ఆహారమవుతుంది.

మొదట్లో ఇనుప డ్రమ్ములో మామూలు ఆవిరితో ఉడికించేవాడిని. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మైదానంలో చాలిన సమయం ఇక్కడ చాలదు. తవుడును 10 పాళ్లకు తగ్గించి, పొయ్యి మీద మరికొన్ని గంటలు ఉంచితే ఆ డ్రమ్ముతోనూ పని జరిగింది. పంట తగ్గింది, దిమ్మలు మాత్రం దక్కాయి. పెట్టుబడి తక్కువగా ఉన్నవారికి ఇప్పటికీ ఆ దారే చెబుతాను.

ఆటోక్లేవ్ (ప్రెషర్ కుక్కర్‌లా పీడనంతో ఆవిరి పట్టే పెద్ద పాత్ర) కొన్నాకే తవుడును 19 పాళ్లకు పెంచాను. ఖర్చు పెద్దదే, కానీ పెట్టిన ప్రతి రూపాయికీ తగిన పని చేసింది. 121 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచుతాను. పీడనం ముల్లు చదరపు అంగుళానికి 15 పౌండ్లు చూపితే చాలనుకోకండి. లోపలి గాలి ముందుగా పూర్తిగా బయటికి పోకపోతే ముల్లు సరిగానే ఉన్నా వేడి తక్కువగా ఉంటుంది. పైగా కొండ ప్రాంతంలో అదే ముల్లు దగ్గర ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతుంది. నేను ముల్లును కాక థర్మామీటర్‌ను నమ్ముతాను. అదీ గోడ పక్క సంచిలో కాదు, అన్నిటికీ నడుమ ఉన్న సంచిలో గుచ్చినదాన్ని. గంటల లెక్క అక్కడ వేడెక్కాకే మొదలవుతుంది.

గోధుమ తవుడు దొరకనప్పుడు వరి తవుడు వాడాను. మిల్లులో ఆ రోజు ఆడించినదైతే బాగుంది. నిల్వ ఉంచితే అందులోని నూనె త్వరగా చెడి, ముక్కవాసన వస్తుంది. నూనె తీసిన తవుడుకు ఆ ఇబ్బంది లేదు.

నీటి విషయంలో చేతి అంచనా కన్నా తూకం మేలు. తేమ 60 శాతం కావాలంటే, పూర్తిగా ఎండిన 10 కిలోల మిశ్రమానికి 15 కిలోల నీరు పడుతుంది. మిల్లు నుంచి వచ్చిన పొట్టులో అప్పటికే ఉన్న తేమను ఇందులోంచి తీసేయాలి. నేను 58 దగ్గర ఆపుతాను. నీరు ఎక్కువైతే సంచి అడుగున చేరి, అక్కడ తంతువులకు గాలి ఆడదు. పొట్టును ముందురోజు రాత్రే తడిపి ఉంచడం మంచిది, లోపలిదాకా నానితే వేడి సమంగా పాకుతుంది. తవుడును మాత్రం ఉడికించే రోజే కలపాలి. కలిపి రాత్రంతా వదిలేస్తే పులుస్తుంది.

పొట్టు మరీ మెత్తగా ఉంటే దిమ్మ బిగుసుకుపోతుంది. కొంచెం చితుకులు కలిపితే గాలి ఆడుతుంది. సంచులు పాలీప్రొపిలీన్‌వే వాడాలి, మామూలు పల్చటి పాలిథిన్ 121 డిగ్రీలకు కరిగిపోతుంది. గాలి వడపోత అతికించిన సంచులకు ధర ఎక్కువైనా నేను వాటినే కొంటాను.

నన్ను ఇప్పటికీ వేధించేది పొట్టే. కోత మిల్లుల్లో టేకు, వేప, మామిడి అన్నీ ఒకే కుప్పలో పడతాయి. టేకు చెక్కకు శిలీంధ్రాలను అడ్డుకునే గుణం ఉంది, అందుకే అది తలుపులకు మంచిది, షిటాకేకు చెడ్డది. ప్లైవుడ్ కోసిన పొడిలో జిగురు కూడా ఉంటుంది. మామిడి దుంగలు కోసే రోజు ముందే తెలుసుకుని, రంపం కింద నా గోనెసంచులు పెట్టించుకుంటున్నాను. మిల్లువారికి కొంత అదనంగా చెల్లించాల్సి వస్తోంది. వానాకాలంలో ఆ దుంగలు రావడం తగ్గుతుంది కాబట్టి, ఎండలు ఉండగానే పొట్టు ఆరబెట్టి షెడ్డులో నిల్వ చేసుకుంటున్నాను.