2003 స్కీ-డూ రెవ్: ఈ స్నోమొబైల్ అందం ఎవరి కోసం?

మంచు మీద నడిపే ఇంజన్ బండిని స్నోమొబైల్ అంటారు. స్కీ-డూ సంస్థ 2003 మోడల్‌గా విడుదల చేసిన ఎం.ఎక్స్.జెడ్. రెవ్ స్నోమొబైల్‌ను పక్కనుంచి చూస్తే, ఇప్పటికీ ఎక్కడో ఏదో తగ్గినట్టే కనిపిస్తుంది. ముక్కు పొట్టి, తోక ఇంకా పొట్టి, సీటు మాత్రం ఎత్తు. దాని మీద ఉన్న మనిషి కూర్చున్నాడో లేవబోతున్నాడో తెలియదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో సెకండ్ హ్యాండ్‌లో కొని, కొన్ని శీతకాలాలుగా నేను నడుపుతున్న బండి ఇది. ఇరవై ఏళ్ళు దాటిన బండికి ఇప్పుడు సమీక్ష ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఒకటే: స్నోమొబైల్ రూపం దాన్ని నడిపేవారికి నిజంగా పట్టింపేనా అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. నా ఉద్దేశంలో రూపం పట్టింపే. అయితే షోరూములో నిలబడి చూసినప్పుడు మురిపించే రూపం వేరు, సీటెక్కాక మోకాలికీ మణికట్టుకూ కంటికీ తెలిసొచ్చే రూపం వేరు. రెవ్‌లో ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగాయి, చివరికి రెండోదే గెలిచింది.

రెవ్ రాకముందు ట్రయిల్ బండ్లన్నిటికీ, అంటే మంచు బాటల మీద తిరిగే బండ్లకు, ఇంచుమించు ఒకటే పోలిక ఉండేది. బానెట్ పొడవుగా సాగి ఉండేది, సీటు నేలకు దగ్గరగా, బాగా వెనక్కి ఉండేది. నడిపేవారు పడక కుర్చీలో ఉన్నట్టు నడుము వెనక్కి వాల్చి, కాళ్ళు ముందుకు చాచి, పాదాలను ఇంజన్‌కు ఇరుపక్కలా ఉండే గూళ్ళలోకి తోసి కూర్చునేవారు. నిలబెట్టి చూస్తే ఆ బండ్లు చాలా సొగసుగా ఉండేవన్నది ఒప్పుకోవాలి. కదలకుండా ఉన్నప్పుడు కూడా పరిగెడుతున్నట్టు కనిపించే గుణం వాటిలో ఉంది. ఇబ్బందంతా బాట మీద మొదలయ్యేది. వారాంతంలో వందలాది బండ్లు తిరిగిన మంచు బాట సోమవారం నాటికి వరసగా మిట్టలూ గుంటలుగా మారిపోతుంది. ప్రతి గుంటలోనూ బండి వెనక భాగం ఎగిరి పడుతుంది, మనిషి కూర్చున్నది సరిగ్గా అక్కడే కాబట్టి దెబ్బంతా వెన్నుపూస మీదే పడుతుంది. లేచి నిలబడి ఆ కుదుపును మోకాళ్ళతో తట్టుకుందామంటే, పాదాలు నడుముకు చాలా ముందుండడం వల్ల, హ్యాండిల్‌బార్ పట్టుకొని ఒంటిని పైకి లాక్కోవలసి వచ్చేది. ఒకటి రెండు గంటలకు చేతులు పడిపోయేవి.

రెవ్ రూపకర్తలు మనిషిని దాదాపు 30 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. సీటు ఎత్తు పెంచి, పాదాలను నడుము కిందికి తెచ్చి, హ్యాండిల్‌బార్ దగ్గర శిఖరంలా కలిసే గొట్టాలతో పిరమిడ్ ఆకారపు చట్రాన్ని కట్టారు. దాంతో నడిపేవారి బరువు బండి బరువు మధ్యకు వచ్చి చేరింది. ఆ రూపం స్నోక్రాస్ పందేల నుంచి వచ్చింది. కెనడా రేసర్ బ్లెయిర్ మోర్గన్ 2001-02 సీజన్‌లోనే ఈ చట్రంతో పోటీల్లోకి దిగాడు. గెంతుల మీద గెంతులుండే ఆ పందెంలో కూర్చునే వ్యవధి దాదాపు ఉండదు, నిలబడి నడపడమే పద్ధతి. అంటే మొదట మనిషి భంగిమ కుదిరింది, ఆ భంగిమ చుట్టూ ప్లాస్టిక్ తొడుగు బిగించారు. పొట్టి ముక్కు, ఎత్తు సీటు అలా వచ్చినవే. పాత బండ్లకు అలవాటు పడినవారిలో చాలామందికి అది మొదట్లో రుచించలేదు. అయినా కొన్నేళ్ళలోనే పోటీ కంపెనీలైన పొలారిస్, ఆర్కిటిక్ క్యాట్, యమహా మూడూ తమ తమ పద్ధతుల్లో మనిషిని ముందుకు జరిపాయి. ఇప్పుడు ఏ షోరూములోని స్పోర్ట్ బండి పక్కన 2002 నాటి పొడుగు బానెట్ బండిని నిలబెట్టినా, వింతగా కనిపించేది పాతదే. నడుముకు సుఖం తెలిశాక కన్ను తన అభిప్రాయాన్ని మార్చుకుంది.

నా అనుభవంలో ఈ మార్పు విలువ తెలిసేది గుంటల బాటలోనే. గుంట కనబడగానే కాస్త ముందుకు వంగి పాదాల మీద బరువు వేస్తే చాలు, ఒళ్ళు దానంతటదే లేస్తుంది. సాయంత్రానికి నడుము నొప్పి ఉండదు. ఇంజన్ గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. నీటితో చల్లబడే రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ రోటాక్స్ 600 హెచ్.ఓ. అది, సరిగా చూసుకుంటే మొరాయించదు. లోపాలు మాత్రం ఉన్నాయి, వాటిలో ఎక్కువ ఆ రూపం నుంచి పుట్టినవే. మనిషి ఎత్తులో ఉండడం వల్ల మలుపుల్లో ముందున్న రెండు స్కీల్లో (మంచు మీద జారే పలకల్లో) లోపలిది లేస్తుందేమోనన్న బెదురు కొత్తవారికి తప్పదు. 121 అంగుళాల ట్రాక్ (కింద తిరుగుతూ బండిని తోసే రబ్బరు పట్టా) బండికి ఆ పొట్టి తోకను ఇచ్చిన మాట నిజమే గాని, దగ్గర దగ్గరగా ఉన్న గుంటల్లో అది ఒక్కొక్కదానిలోనూ దిగి లేస్తుంది. ఇప్పటి ట్రయిల్ బండ్లలో 129, 137 అంగుళాల ట్రాకులు మామూలైపోవడానికి ఇదొక కారణం.

అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు చలి. పాత బండిలో మనిషి బానెట్ చాటున ఒదిగి ఉండేవాడు, రెవ్‌లో గాలికి ఎదురు నిలుస్తాడు. మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల మీద, గడ్డకట్టిన చెరువుల మీద స్నోమొబైల్ వేగ పరిమితి గంటకు 50 మైళ్ళు, అంటే సుమారు 80 కిలోమీటర్లు. మైనస్ 20 డిగ్రీల చలిలో ఆ వేగంతో పోతే, కప్పుకోని చర్మానికి తగిలే చలి మైనస్ 38 డిగ్రీలతో సమానం. ఇలాంటి చోట పొట్టి విండ్‌షీల్డ్ పెట్టుకోవడం అచ్చంగా అలంకారమే. పందెం బండిలా కనబడాలని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. హెల్మెట్ కింద మెడ దగ్గర గాలి దూరి గడ్డం మొద్దుబారాక దాని ధర తెలుస్తుంది. నా బండికి ఎత్తైన విండ్‌షీల్డ్ పెట్టించాను. దాంతో ముందునుంచి చూస్తే బండి మరింత వికారంగా తయారైన మాట వాస్తవం. సీటు మీద ఉన్నవారికి అది కనబడదు, వెచ్చదనం మాత్రం తెలుస్తుంది. ఎత్తైన కొండల్లో, లోతు మంచులో తిరిగేవారి లెక్క వేరు. వారు నిలబడి, ఒక పక్కకు ఒరిగి, తక్కువ వేగంతో నడుపుతారు కాబట్టి వారికి పొట్టి విండ్‌షీల్డే సౌకర్యం.

రంగు దగ్గరికి వస్తే వాదనకు అంతుండదు. ఈ ప్రాంతంలో రంగు దాదాపు ఇంటిపేరు లాంటిది. పొలారిస్ పుట్టిన రోజో, ఆర్కిటిక్ క్యాట్ పుట్టిన థీఫ్ రివర్ ఫాల్స్ రెండూ మిన్నెసోటా ఉత్తర కొసన, ఒకదానికొకటి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊళ్ళు. రెండు సంస్థల పుట్టుకలోనూ ఎడ్గర్ హెటీన్ అనే ఒకే మనిషి చేయి ఉంది. పొలారిస్ స్థాపకుల్లో ఒకడైన ఆయన 1960లో బయటికి వచ్చి పెట్టిన కంపెనీయే తర్వాత ఆర్కిటిక్ క్యాట్ అయింది. క్యాట్ అభిమానులది ఆకుపచ్చ, యమహా వారిది నీలం. ఇక పసుపు, క్విబెక్‌లోని వాల్కూర్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియే 1959లో మొదలుపెట్టిన స్కీ-డూలది. జాకెట్టు, హెల్మెట్, చివరికి ట్రైలర్ మీది గుర్తు కూడా ఆ రంగులోనే ఉండాలనే కుటుంబాలున్నాయి. తండ్రి క్యాట్ నడిపితే కొడుకు పొలారిస్ కొనడం భోజనాల దగ్గర చర్చకు వచ్చే సంగతే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన మాలాంటివారికి ఈ వారసత్వ పట్టింపు లేకపోవడం ఒక సౌలభ్యం. ఏ రంగు బండినైనా అనుమానం లేకుండా బేరమాడవచ్చు.

అభిమానం సంగతి ఎలా ఉన్నా, రంగుకు ఒక పని ఉంది. మబ్బు పట్టిన రోజున నేల, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి నీడలు మాయమవుతాయి, మిట్ట ఎక్కడో గుంట ఎక్కడో తెలియదు. ముందు పోయే బండి లేపిన మంచు పొడి దీనికి తోడైతే, పది గజాల్లో ఉన్న బండి కూడా కనుమరుగవుతుంది. అప్పుడు ముదురు పసుపు బండి కనిపించినంత తేలికగా, ఈ మధ్య ఫ్యాషన్‌గా వస్తున్న మెరుపులేని బూడిద రంగు, తెలుపు బండ్లు కనిపించవు. తన బండి రంగు నడిపేవారికి కనబడేది బానెట్ మీద జానెడు మాత్రమే. మలుపులో ఎదురు వచ్చేవారికి మాత్రం అది పూర్తిగా కనబడాలి. ఈ సంగతి చట్టానికి కూడా తెలుసు. బానెట్‌కు రెండు పక్కలా ఒక్కొక్క వైపు కనీసం 16 చదరపు అంగుళాల మేర వెలుతురు పడితే మెరిసే పదార్థం, మన భాషలో రేడియం స్టిక్కర్, ఉండాలని మిన్నెసోటా నిబంధన. పనిలో పనిగా మరొక నిబంధన చెబుతాను: 1976 డిసెంబర్ 31 తర్వాత పుట్టినవారెవరైనా ఈ రాష్ట్రంలో స్నోమొబైల్ నడపాలంటే భద్రతా శిక్షణ పత్రం తీసుకొని ఉండాలి.

స్టిక్కర్ల మీద నాకు ఏమంత గౌరవం లేదు. బండి ఒళ్ళంతా కప్పే రంగురంగుల వినైల్ తొడుగులు మార్కెట్లో దండిగా దొరుకుతాయి. నాకు ముందున్న యజమాని నా బండికి అలాంటి తొడుగు ఒకటి వేయించాడు. చలికి బిగుసుకొని, ఎండకు సాగి, ప్లాస్టిక్ వంగినప్పుడల్లా అంచులు లేచిపోయి, చివరికి పైన పటారం లోన లొటారం అన్న సామెతకు బొమ్మ వేసినట్టు తయారైంది. పైగా అది రేడియం స్టిక్కర్లను కూడా కప్పేసింది. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి మొత్తం ఊడదీశాక కింద అసలు పసుపు, నలుపు రంగులు గీతలతో సహా బయటపడ్డాయి. ఇప్పుడు బండి వయసుకు తగ్గట్టు ఉంది.

సోకు కోసం చేసే మరొక పని వెనక వేలాడే మంచు ఫ్లాప్‌ను కత్తిరించడం. పొట్టి ఫ్లాప్‌తో తోక ఎత్తుగా, చురుగ్గా కనిపిస్తుంది నిజమే. కాని ఇలాంటి బండ్లలో ఇంజన్ వేడిని తీసే రేడియేటర్ గొట్టాలు ట్రాక్ పైనుండే టనెల్ అనే లోహపు కప్పు అడుగున ఉంటాయి. ట్రాక్ చిమ్మిన మంచు వాటికి తగిలి కరిగితేనే ఇంజన్ చల్లబడుతుంది. మంచును వెనక్కి పోనీయకుండా ఆపి అటువైపు మళ్ళించడంలో ఫ్లాప్‌కు పాత్ర ఉంది. మెత్తటి మంచు దండిగా ఉండే కొండల్లో అది పొట్టిగా ఉన్నా చెల్లుతుంది; గట్టిపడిన బాట మీద వేడి సూచిక వెలుగుతుంది, వెనక వచ్చేవారి మీద మంచుగడ్డలు, ఒక్కోసారి రాళ్ళు పడతాయి.

ఇంతా చెప్పి, అందం కోరేవారిని తక్కువ చేయలేను. ఇక్కడ బాటల కాలం సుమారుగా డిసెంబరు నుంచి మార్చి వరకు. మిగిలిన ఎనిమిది నెలలూ బండి గ్యారేజీలోనే ఉంటుంది, ఆ ఎనిమిది నెలలూ దానితో యజమానికి ఉండేది చూపుల చుట్టరికమే. కంటికి నచ్చిన బండిని తుడుస్తారు, తుడిచేటప్పుడే పగుళ్ళు కనబడతాయి, వదులైన బోల్టు చేతికి తగులుతుంది. గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కారు) ఎక్కి కొంగ్‌డోరీ దగ్గర దిగి స్నోమొబైల్ మీద చుట్టు తిరిగి వచ్చే మన పర్యాటకులకు కూడా బండి అందమే ముఖ్యం, వారికి కావలసింది ఫొటో కాబట్టి. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు.

పాత రెవ్ కొనదలచినవారు అందాన్ని ఒక సాక్ష్యంగా చదవడం నేర్చుకోవాలి. ప్లాస్టిక్ మీది గీతలు, వెలిసిన సీటు, పసుపు తగ్గిన బానెట్ బేరానికి పనికివస్తాయి గాని భయపడవలసినవి కావు. ఒక పక్క ప్యానెల్ మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగాలి. టనెల్ అంచు వెంట కన్ను పెట్టి చూసి, ఎక్కడైనా మడత పడిందా, రివెట్లు వదులయ్యాయా, పిరమిడ్ గొట్టాల అతుకుల దగ్గర పగులు ఉందా అని పగటి వెలుతురులో పరిశీలించాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన బండిని చూపిస్తే మరొక రోజు వస్తానని చెప్పడం మేలు. ఒంటరిగా, గుంటల బాటల్లో రోజంతా తిరగాలనుకునే నడుము నొప్పి మనుషులకు ఈ బండిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. జంటగా తిరగాలనుకునేవారికి దీని సీటు చాలదు. వారు పొడుగు ట్రాక్, వెనక ఆనుడు ఉన్న టూరింగ్ బండ్లు చూసుకోవాలి.