పాత జంట ఇంజిన్ల బోటుకు మూడు రెక్కల ప్రొపెల్లరా, నాలుగు రెక్కలదా?

గరిష్ఠ వేగమే ముఖ్యమైతే మూడు రెక్కలదే తీసుకోండి. నీటిలో రాపిడి తక్కువ, ఖరీదూ తక్కువే. కానీ పాత బోటుతో పందేలకు వెళ్ళేదెవరు? నా ఓటు నాలుగు రెక్కలకే. వేగం కాస్త తగ్గుతుంది, నిజమే. అదురూ తగ్గుతుంది. రేవులో ఒక ఇంజిన్ ముందుకి, రెండోది వెనక్కి వేసి బోటును ఉన్నచోటే తిప్పేటప్పుడు నీటి మీద పట్టు బాగా తెలుస్తుంది.

అసలు చిక్కంతా పిచ్ దగ్గరే, అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే లెక్కప్రకారం ముందుకు సాగే దూరం, అంగుళాల్లో. మామూలు బరువుతో థ్రాటిల్ పూర్తిగా తెరిచినా తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) రాలేదంటే పిచ్ ఎక్కువైనట్టే, ఇంజిన్ ముక్కుతూ మూలుగుతూ లాగుతోందన్నమాట. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మూడు నుంచి నాలుగు రెక్కలకు మారేవాళ్ళు సాధారణంగా ఒక అంగుళం తక్కువ పిచ్‌తో మొదలుపెడతారు. ఏది కొన్నా జతగానే మార్చాలి. చాలా బోట్లలో ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరుగుతాయి, ఆర్డర్ ఇచ్చే ముందు చూసుకోండి.

అలల సంగతికొస్తే, ముక్కు పైకెత్తి వెనకభాగం కుంగే మధ్యస్థ వేగమే అన్నిటికన్నా చెడ్డది. ఒడ్డును కోసేది, పక్క పడవల్ని ఊపేసేది అదే. నాలుగు రెక్కలుంటే తక్కువ వేగంలోనే బోటు నీటిపైకి లేచి నిలుస్తుంది కాబట్టి ఆ దశ త్వరగా దాటొచ్చు. బోటు నీటిపైకి లేవకుండా, పెద్ద అల లేపకుండా వెళ్ళగల వేగానికి ఒక హద్దుంది, దాన్నే హల్ వేగం అంటారు. నీటిగీత పొడవు, అంటే నీటిమట్టం దగ్గర బోటు పొడవు, 25 అడుగులుంటే అది దాదాపు 6.7 నాట్లు (గంటకు నాటికల్ మైళ్ళు). లంగరేసిన పడవల పక్కన 5 దాటకండి.