రత్నం పెన్ను: బాల్‌పెన్నుల దెబ్బకు తట్టుకున్న రాజమండ్రి సరుకు

1935లో గాంధీజీ నుంచి మెప్పు ఉత్తరం అందుకున్న కోసూరి వెంకటరత్నం గారి కుటుంబ కార్ఖానా ఇది. చవక బాల్‌పెన్నులు సిరాపెన్నుల గిరాకీని ఊడ్చేసినా ఇక్కడి లేత్ (పెన్ను ఒళ్ళు తిప్పి చెక్కే యంత్రం) ఆగలేదు. ధరలో వాటితో పోటీ పడలేరు కనుక చేతిపనినే నమ్ముకున్నారు.

ఒళ్ళు ఎబొనైట్, అంటే గంధకం బాగా పట్టించి గట్టిపరిచిన రబ్బరు. వేళ్ళకు వెచ్చగా ఉంటుంది, జారదు. కొత్తలో కాస్త గంధకం వాసన మామూలే.

ఐడ్రాపర్ (చుక్కల గొట్టంతో నింపే) రకంలో సిరా నేరుగా గొట్టంలోకే పోస్తాం. మరలకు సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే కారదు. వాజిలైన్ మాత్రం వద్దు, రబ్బరుకు పడదు. సిరా మూడోవంతుకు తగ్గితే లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి పాళీ దగ్గర చుక్క కక్కుతుంది. అది పెన్ను తప్పు కాదు, అప్పుడే నింపుకోవాలి. వేడినీళ్ళతో కడిగినా, ఎండలో వదిలేసినా ఎబొనైట్ నలుపు గోధుమరంగుకు తిరుగుతుంది.

పాళీ గీరుకుంటోందని గరుకు కాగితం మీద రుద్దేవాళ్ళున్నారు, మహాపాపం! భూతద్దంతో చూడండి, రెండు మొనలు ఎగుడుదిగుడుగా ఉంటే గోటితో మెల్లగా సర్దితే చాలాసార్లు సరిపోతుంది. కొనేటప్పుడే మీరు మామూలుగా రాసే తీరులోనే పది లైన్లు రాసి చూసుకోండి.