పెద్ద హోమ్‌లో చేర్పించడమా, ఐదారు కుటుంబాలు కలిసి ఇల్లు పెట్టుకోవడమా: ఏది మేలు?

ఒంగోలు, కావలి, గూడూరు, ఎక్కడి నుంచి ఫోన్ వచ్చినా ఒకటే ప్రశ్న. "అక్కా, మేము పోయాక వీడి సంగతేంది? ఏదన్నా పెద్ద హోమ్‌లో డిపాజిట్ కట్టి చేర్పిద్దామా, మనమే కలిసి ఒక ఇల్లు తీసుకుందామా?" అడిగేవాళ్లంతా మాలాగే, తమంతట తాము బతకలేని దివ్యాంగులైన ఎదిగిన పిల్లలున్నవాళ్లు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కోసం ఇచ్చే యూడీఐడీ కార్డు, నిరామయ పథకం కింద వచ్చే లక్ష రూపాయల ఆరోగ్య బీమా, ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

పెద్ద హోమ్‌ను తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. యాభై అరవై మంది ఉండే చోట ఒక ఆయా చెప్పాపెట్టకుండా మానేస్తే ఆ రాత్రికి పక్క బ్లాకు నుంచి ఇంకో ఆయాను పంపిస్తారు. మంచి హోమ్ అయితే ఫిట్స్ వచ్చినప్పుడు చూడటానికి నర్సు ఉంటుంది. డెబ్బై ఏళ్ల తండ్రికి అద్దె, గ్యాసు, జీతాలు, కాగితాలు అంటూ తిరిగే బాధ తప్పుతుంది. నచ్చనిది ఏంటంటే, ఇవి చాలావరకు ఊరి బయట ఉంటాయి, ఎందుకంటే దాత ఇచ్చిన స్థలం అక్కడుంటుంది. మన మీటింగుల్లోనూ చూడండి, ఎవరో ఒకరు లేచి పొదలకూరు వైపు మాకు రెండెకరాలుంది ఇచ్చేస్తాం అంటారు, అందరూ చప్పట్లు కొడతారు, అక్కడి నుంచి మాటలన్నీ ప్లాను, శ్లాబు, శిలాఫలకం చుట్టూనే. టీ కొట్టు, గుడి, రోజూ పలకరించే మనుషులు పిల్లలకు దూరమైపోతారన్న మాట ఎవరి నోటా రాదు. భవనానికి లక్షలిచ్చే దాతను ఆయా జీతానికి నెలకు ఐదువేలు ఇవ్వమని అడిగి చూడండి, తెలుస్తుంది.

నా లెక్కలో తేల్చేది మాత్రం ఒక్కటే ప్రశ్న: రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారు, ఆ మనిషి రాకపోతే ఎవరొస్తారు?

వారానికి 168 గంటలు. ఒక మనిషి చేత వారానికి 48 గంటలే పని చేయించుకోవాలి. అంటే ఇంట్లో ఎప్పుడూ ఒక్కరు ఉండాలన్నా ముగ్గురున్నర మంది కావాలి, సెలవులు కూడా కలిపితే నలుగురు. ఇది చెబితే చాలామంది నవ్వుతారు, ఒక మంచి మనిషిని పెట్టుకుని తిండీ పడకా ఇస్తే సరిపోదా అంటారు. సరిపోదు. ఆమెకూ పిల్లలుంటారు, సంక్రాంతికి ఊరెళ్తుంది. ఒక్క మనిషి మీద నడిచే ఇల్లు ఆమెకు వారం రోజులు జ్వరమొస్తే మూతపడుతుంది.

ఆరుగురు పిల్లలుండే ఇంటికి లెక్క వేద్దాం. నలుగురు ఆయాలకు 14 వేల చొప్పున 56 వేలు, పగటి పూట సాయానికి ఇంకొకరికి 12, అద్దె 18, తిండికి మనిషికి నాలుగేసి వేలు చొప్పున 24, కరెంటూ మందులూ ఆటోలకు 10. మొత్తం లక్షా ఇరవై వేలు, తలకు 20 వేలు. మీ ఊళ్లో జీతాలు వేరుగా ఉంటే అంకెలు మార్చుకోండి, సగానికి పైగా జీతాలకే పోతుందన్నది మాత్రం పెద్దగా మారదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి దివ్యాంగుల పింఛను 6 వేలు వస్తోంది, అది ఇందులో మూడో వంతు కూడా కాదు. తండ్రిదో తల్లిదో ప్రభుత్వోద్యోగం అయితే, సంపాదించుకోలేని బిడ్డకు ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వచ్చే వీలుంది, ఆ కాగితాలు మీరు బతికుండగానే సరిచేసి పెట్టండి.

ఇంకొకటి మన నెల్లూరు వైపే ఉన్న ఇబ్బంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, హైవే కూడా తెగింది. ఇల్లు కోవూరులో, బదులుకొచ్చే ఆయా నెల్లూరులో ఉంటే ఆ రోజు ఎలా వస్తుంది? అందుకే ఇద్దరైనా నడిచి రాగలిగేంత దగ్గరలో ఉండాలి. ఊరి బయట రెండెకరాల్లో ఆ మనుషులను ఎక్కడ వెతుకుతారు?

ఇంత లెక్కా చూశాక కూడా నా ఓటు ఊళ్లో చిన్న ఇంటికే. మనవాడు రెండు రోజులు కనపడకపోతే పాలకొట్టు అబ్బాయి "ఏడీ మనోడు" అని అడిగే వీధిలో మనవాళ్ల ఒంటి మీద దెబ్బ ఉంటే ఎవరో ఒకరి కంట పడుతుంది. గేటు లోపల అది చూసేది జీతం తీసుకునేవాళ్లే. కాకపోతే ఒక్క ఇల్లుగా ఆగొద్దు. రెండు వీధుల దూరంలో ఇంకో నలుగురికి మరో ఇల్లు పెట్టి, రెండిళ్లకూ కలిపి ఆయాలను పెట్టుకుంటే ఒకరు రాకపోతే ఇంకొకరిని పంపగలిగే పెద్ద హోమ్ బలం మనకూ వస్తుంది.

మొదలుపెట్టడం కూడా ఒకేసారి సామాన్లు సర్దుకుని కాదు. ముందు శనివారం రాత్రులు మాత్రమే పడుకోబెట్టండి, కొన్ని నెలలకు వారంలో మూడు రోజులు. అమ్మ పక్కన తప్ప ఎక్కడా నిద్రపోని నలభై ఐదేళ్ల మనిషిని అమ్మ పోయిన మర్నాడు కొత్త మంచం మీద పడుకోమంటే ఎలా? మీకు యాభై ఉన్నప్పుడే ఈ పని మొదలవ్వాలి.

కాగితాల సంగతి టూకీగా. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి, ట్రస్టు అయితే ఇంకా సులువు. ఏదైనా సరే, సగం మందైనా మనకంటే పాతికేళ్లు చిన్నవాళ్లు ఉండాలి, లేకపోతే ట్రస్టీలంతా ఒకేసారి ముసలివాళ్లవుతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం సంస్థకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కాబట్టి ఇల్లు తీసుకునే ముందే కలెక్టరేట్‌లోని దివ్యాంగుల సంక్షేమ శాఖలో అడగండి. పిల్లలకు పద్దెనిమిది దాటితే, నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి వచ్చేవాళ్లకు (ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లు) గార్డియన్‌షిప్, అంటే చట్టబద్ధ సంరక్షకుల నియామకం కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి.

ఇలాంటివాళ్లు ఉండే ఇళ్ల కోసం నేషనల్ ట్రస్ట్ ఘరౌందా (ఇప్పుడు సమర్థ్-కమ్-ఘరౌందా) పథకం ఉంది, అది సంస్థల ద్వారా నడుస్తుంది. మీ దగ్గర్లో మంచి సంస్థ ఉంటే వెళ్లి చూడండి, రాత్రి ఎనిమిది తర్వాత వెళ్లండి. అన్నకో చెల్లికో అప్పగించడం గురించి కూడా అడుగుతారు. వాళ్లంతట వాళ్లు నోరు తెరిచి మేం చూసుకుంటాం అంటే సరే, మీరు అడిగి ఒప్పించుకుంటే వద్దు.

ఇల్లు వెతికేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ ఇండివిడ్యువల్ ఇల్లు చూడండి, అపార్టుమెంటు అసోసియేషన్లతో వేగలేం. బాత్రూమ్‌కు లోపలి గడియ బయటి నుంచి కూడా తీయగలిగేలా మార్పించుకోవాలి, వంటింటికి తలుపుండాలి. ఓనరుకు మాత్రం ఎవరుంటారో అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పేయండి. పది మంది కాదంటారు, పదకొండో ఆయన అద్దె రెండు వేలు ఎక్కువ చెప్పినా అదే తీసుకోండి.